ఆకుల మీద నడిచే పిట్ట

మొన్న మా బిల్డింగులో కింది వాటా వాళ్ళమ్మాయి పెళ్ళి. "పెద్దవారు మీరే ఉన్నారు ఆంటీ, బాసికాలు మీ చేత్తోనే కట్టాలి" అని తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టారు. మోకాళ్ళు సహకరించవు, నడుం సహకరించదు. అయినా పెద్దరికం ఒక్కటే మిగిలింది కదా, వెళ్ళాను. చేతిలో పెట్టిన బాసికం చూస్తే థర్మకోలుది. ఫోనులో ఆర్డరిస్తే ఇంటికొచ్చిందట. దానికి ముత్యాలు అంటించారు, ముఖమల్ అంటించారు, వెనక రబ్బరు పట్టీ కుట్టారు. గోరు తగిలితే కీచుమంది. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి.

"ఇది బెండు కాదమ్మా" అన్నాను.

"బెండంటే ఏంటాంటీ?" అంది పెళ్ళికూతురు, పాపం నవ్వుతూనే.

ఏం చెప్పను? ఈ వయసులో ఒక మాట చెప్పాలంటే దానికి ముందు పది చెప్పాలి. ఆ పదీ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. కట్టమన్నది కట్టేసి, భోజనం కూడా చెయ్యకుండా పైకొచ్చి పడుకున్నాను. అప్పట్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే వదిలిపోతుందేమోనని రాస్తున్నాను, అంతకుమించి ఏమీ లేదు.

మా నాన్న కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో చటకల్ కార్మికుడు. జనపనార మిల్లుని అక్కడ చటకల్ అంటారు. మేం ఉండేది మిల్లు లైనులో. వరసగా గదులు, గదికొక సంసారం, అందరికీ కలిపి ఒక కొళాయి. సగం మంది మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, మిగతావాళ్ళు బీహారీలు, ఒరియావాళ్ళు. నారకి పట్టించే నూనె వాసన ఒకటుంటుంది. అది కిరసనాయిలూ కాదు, ఆవనూనే కాదు. నాన్న జుట్టులో అదే, చొక్కాలో అదే, మేం కప్పుకునే దుప్పట్లలో అదే. మా మామ్మ కాచే ఎండుచేపల పులుసు ఒక్కటే దాన్ని ఓడించగలిగేది.

మామ్మంటే మా నాన్న తల్లి. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. మా తాత వేటకి వెళ్ళి తిరిగి రాకపోతే, చంకలో ఒక పిల్లా, చేత్తో పట్టుకుని ఒక పిల్లాడూ, అలా రైలెక్కి కలకత్తా వచ్చేసింది. ఆ పిల్లాడు మా నాన్న, ఆ చంకలో పిల్ల మా అత్త. మామ్మ అడ్డపొగ తాగేది. అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. బెంగాలీ ఆడవాళ్ళు కొళాయి దగ్గర బిందెలు దింపి మరీ నోరు తెరుచుకుని చూసేవారు. వాళ్ళు చూస్తున్నారని మామ్మ ఇంకో రెండు దమ్ములు ఎక్కువ లాగేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు మిల్లు మూసేశారు. గేటుకి తాళం, గేటు ముందు ఎర్రజెండాలు, జెండాల కింద నాన్నలాంటి వాళ్ళు పొద్దస్తమానం చతికిలపడి కూర్చోవడం. మిల్లు కూత లేకపోతే ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పొయ్యి రాజెయ్యాలో మా లైనులో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున్న తరవాణి, సాయంత్రం ముడి. ముడి అంటే మరమరాలు, ఆవనూనె చుక్క వేసి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినాలి. సాయంత్రమైతే కరెంటు పోయేది. పిల్లలం కదా, మాకు అదో పండగ. పెద్దవాళ్ళ మొహాలు ఎందుకలా ఉన్నాయో ఆలోచించిన పాపాన పోలేదు.

ఆ చెడ్డకాలంలోనే మా అత్తకి సంబంధం కుదిరింది. అంతకుముందు ఒకటి తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. "కలకత్తాలో పెరిగిన గుంటలకి మన పద్ధతులేటి తెలుస్తాయి" అని అవతలి వాళ్ళలో ఎవరో అన్నారట. ఆ మాట మామ్మ గుండెలో ముల్లులా దిగిపోయింది. అత్త ఏమనుకుందో ఎవరూ అడగలేదు. గోనెసంచులు కుట్టుకుంటూ, సూదిలో దారం ఎక్కించుకుంటూ అలా ఉండిపోయింది. అత్త మాట్లాడటమే తక్కువ.

రెండో సంబంధం గార్డెన్ రీచ్ వాళ్ళది. అబ్బాయికి అక్కడి ఓడల డాకులో పని. తల్లి గట్టి మనిషి, మాటకి ముందు చెయ్యి ఊపేది. తాంబూలాలనాడు చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అంది:

"మాకేటీ ఒద్దొదినా. పెళ్ళి మాత్రం మన పద్ధతిలో జరగాల. బాసికాలు కట్టాల. ఈ బెంగాలీలెట్టుకునే తెల్ల టోపీ నా కొడుకు నెత్తినెడితే మాత్రం నానొప్పుకోను."

"ఓసోస్, అదేటి మాటొదినా! బాసికాలు నేకుండా మా ఇంట పెళ్ళయినాదేటి ఎప్పుడైనా?" అంది మామ్మ, గుండె దడదడలాడుతున్నా.

దడ ఎందుకంటే, మా లైనులో పెళ్ళిళ్ళకి బాసికాలు దేశం నుంచే వచ్చేవి. ఏటా ఎవరో ఒకరు ఊరెళ్ళి వస్తూ పట్టుకొచ్చేవారు. ఆ ఏడు మిల్లు లేదు, ఊరెళ్ళినవాడు లేడు. మామ్మ ఆ రోజంతా గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగుతూనే ఉంది. ఈ సంబంధం కూడా పోతే ఇక అత్తకి పెళ్ళి కాదు. ఆ సంగతి మా ఇంట్లో పిల్లినడిగినా చెప్పేది. చివరికి చుట్ట నలిపి పారేసి లేచింది.

"బాసికమంటే ఏటే? జీలుగు బెండే కదా! ఆ బెండు పట్టాల అవతల మడుగులో ఊరికే మొలుస్తన్నాది. నడవే గుంటా" అని నన్ను లాక్కుని బయల్దేరింది.

రైలు పట్టాలు దాటితే అవతలంతా నీళ్ళు. బెంగాలీలు దాన్ని జలా అనేవారు. నీళ్ళంటే చెరువులా ఒకచోట ఆగేవి కావు. ఒకచోట మోకాల్లోతు, ఒకచోట మెడలోతు, మధ్యలో రెల్లు దుబ్బులు, తామరలు, గుర్రపుడెక్క. ఆ నీళ్ళలోనే జీలుగు మొలిచేది. బెంగాలీలు దాన్నే శోలా అంటారు. పైన గోధుమరంగు బెరడు, లోపల తెల్లగా, మెత్తగా, ఊదితే ఎగిరిపోయేంత తేలికైన బెండు. మామ్మ మొదటిసారి చూసినప్పుడు అత్తతో, "ఓలమ్మ, ఇది మీ అయ్య వలకి కట్టీవోడు కదే" అని కళ్ళు తుడుచుకుందట.

జలాకి అవతల ఒక పల్లె. అక్కడ కొన్ని ఇళ్ళవాళ్ళది తరతరాలుగా ఆ బెండుతో పూలూ, దండలూ, కిరీటాలూ చేసే పని. కలకత్తాలో దుర్గమ్మ తల మీద మెరిసే తెల్లకిరీటం అంతా ఆ బెండే. వాళ్ళలో పెద్దాయన్ని ఊరంతా దాదు అనేవారు, అంటే తాతయ్య. మామ్మ మాత్రం దాదా అనేది, అంటే అన్నయ్య. "నాకు తాతేటి, ఆడికీ నాకూ ఒకటే ఈడు" అనేది.

గట్టు మీద నడుస్తూ నేను నీళ్ళలోంచి పానీఫల్ తెంపుకుని జేబులో వేసుకున్నాను. కొమ్ములున్న నల్లటి కాయలు, కొరికితే తియ్యటి నీళ్ళు. ఎవరో పెంచుకుంటున్నవి, దొంగతనమే. జేబు తడిసి కొమ్ములు తొడకి గుచ్చుకుంటే కిక్కురుమనకుండా నడిచాను.

దాదు వాకిట్లో కూర్చుని పని చేసుకుంటున్నాడు. పొడుగాటి పల్చటి కత్తికి బెండు కాడని ఆనించి దొర్లిస్తున్నాడు. కాడలోంచి కాగితంలాంటి పొర ఊడి, చుట్టలు చుట్టలుగా ఒళ్ళో పడుతోంది. వాకిలంతా తెల్ల తుక్కు. పక్కన చింతగింజల జిగురు ఉడుకుతున్న వాసన. ఆ ఇంటి కోడలు మాకు ముడి, కొబ్బరిముక్క పెట్టింది. నేను తుక్కు ఏరి రెండు చెవుల్లోనూ పెట్టుకున్నాను. మామ్మ నెత్తిన మొట్టింది.

మామ్మ వచ్చీరాని బంగ్లాలో, మధ్యలో హిందీ, చేతులూ కలిపి బాసికం ఎలా ఉంటుందో చెప్పింది. నుదుటి మీద ఇంత వెడల్పు, మీద చిలక, మామిడాకు, వరికంకి. దాదు అంతా విన్నాడు. ఆయన బంగ్లాలో అన్నవి నేను తెలుగులో రాస్తున్నాను.

"మీ ఊరు నేను చూడలేదమ్మా. మీ ఊరి చిలక కొమ్మ మీద ఎలా కూర్చుంటుందో నాకేం తెలుసు? చూడనిది చెయ్యను. పెళ్ళికూతురు ఎక్కడ పెరిగింది?"

"ఎక్కడేటి, ఇక్కడే, లైన్లోనే."

"అయితే ఇక్కడిదే చేస్తాను. ఆ పిల్లని నా దగ్గరికి పంపించు."

దారి పొడుగునా మామ్మ గొణుగుతూనే ఉంది. "బాసికం సెయ్యమంటే పెళ్ళిసూపులు సూస్తానంతాడేటి ముసిలోడు" అంది. అయినా మర్నాడు అత్తని తీసుకెళ్ళింది. వేరే దారి లేదు కదా.

దాదు అత్తని అడిగింది ఒక్కటే. ఈ జలాలో నువ్వు చూసిన వాటిల్లో ఏది మర్చిపోలేకపోతున్నావు అని. అత్త తల దించుకుంది. అత్తంటే అడిగినదానికి ఊ, ఆఁ తప్ప అనని మనిషి. ఏమీ చెప్పదనుకున్నాను. కానీ చెప్పడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు తూటికూర కోసుకోవడానికి వచ్చేదట. ఇక్కడ తామరాకుల మీద ఒక పిట్ట నడుస్తుంది, కాలివేళ్ళు బారెడు పొడుగు, ఆకు మునగదు, పిట్టా మునగదు. ఒకసారి పైన గద్ద తిరిగింది. ఆ పిట్ట వంగి, పిల్లల్ని రెక్కల కింద ఇరికించుకుని, లేచి నడిచిపోయింది. పిల్లల కాళ్ళు రెక్కల కింద నుంచి వేలాడుతుంటే, ఈ పిట్టకి ఎన్ని కాళ్ళురా బాబూ అనిపించిందట.

దాదు చేతిలో కత్తి పక్కన పెట్టేశాడు.

"అది తల్లి కాదు తల్లీ, తండ్రి. ఆడది గుడ్లు పెట్టి పోతుంది. పొదిగేదీ, మోసుకు తిరిగేదీ మగదే" అన్నాడు.

తండ్రి మొహం అత్తకి తెలియదు కదా. మామ్మే అటు తిరిగి ముక్కు చీదింది. "దానికున్న బుద్ధి మా ముసిలోడికి నేకపోనాది. ఆ గాలిలో ఏటకెళ్ళొద్దంటే ఇన్నాడేటి" అంది. తాత పోయి అన్నేళ్ళయినా ఆయన మీద మామ్మకి కోపం తగ్గలేదు. అది కోపం కాదని నాకు అర్థమయ్యేసరికి మామ్మ లేదు.

ఆ చలికాలమంతా మేం గట్టు మీదే ఉన్నాం. దాదుకో పద్ధతి ఉండేది. ఏది చెయ్యాలన్నా పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని గట్టు మీదికి వెళ్ళి దాన్ని చూసి రావాల్సిందే. కడిమిపువ్వు ఆయన ఎన్ని వేలు చేసి ఉంటాడు! అయినా కడిమిపువ్వు చెయ్యాలంటే చెట్టు దగ్గరికి వెళ్ళేవాడు. పూసే కాలం కాకపోతే, పూశాక రండి అని బేరం తిప్పి పంపేవాడు. "నిన్న చూశాను కదా అనుకుంటే చెయ్యి అబద్ధం చెప్పడం మొదలెడుతుంది" అనేవాడు. ఊళ్ళో మిగతావాళ్ళు నవ్వుకునేవారు. వాళ్ళు అప్పటికే అట్టముక్క అచ్చులు పెట్టుకుని కోసేస్తున్నారు. మామ్మయితే, "గట్టు మీద కొంగలాగ కూకుంటాడు, ఈడు పనెప్పుడు సేస్తాడే" అని నెత్తి బాదుకునేది.

నేనూ పక్కన కూర్చునేదాన్ని. పొద్దున్నే చలికి జలా మీద పొగలు లేచేవి. కుళ్ళిన ఆకుల వాసన, బురద వాసన, ఎక్కడో ఆవచేను పూసిన వాసన. దాదు వేలుపెట్టి చూపించేవాడు. అమ్మవారి కిరీటంలో పైవరస ఉందే, అది అదిగో ఆ రెల్లుపూలు గాలికి ఒకవైపే ఒరగడం. దాని కింది మెలికలు బాతు ఈదిపోయాక వెనకాల నీళ్ళు విడిపోవడం. చెవిదుద్దులు నత్తగుల్లలు. "పట్నంవాళ్ళు ఏడాదికోసారి మా జలాకే దండం పెడుతున్నారు, పాపం, వాళ్ళకి తెలీదు" అని నవ్వేవాడు. పళ్ళు లేని ఆ నవ్వు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

పిట్ట కనిపించిన రోజు మాట్లాడనిచ్చేవాడు కాదు. అది ఒక్కో ఆకూ చూసుకుంటూ నడిచేది. ఎత్తిన కాలు వెంటనే దించదు. ఆయన కళ్ళు చికిలించి, ఒళ్ళో వేళ్ళు అలాగే కదిలించేవాడు.

అప్పటికే రోడ్డు వైపు నుంచి లారీలు రావడం మొదలైంది. బూడిద, విరిగిన ఇటుకలు, ఏవేవో చెత్త తెచ్చి జలాలో గుమ్మరించి పోయేవి. ఎవరిదో స్థలమన్నారు, ప్లాట్లు పడతాయన్నారు. ఊరివాళ్ళు ఆఫీసులకి వెళ్ళారు, మీటింగుల్లో మాట్లాడారు. అధికారులు చూద్దాం అన్నారట. చూస్తూనే ఉన్నారు, లారీలూ వస్తూనే ఉన్నాయి. జీలుగు బాగా మొలిచే వైపే ముందు పూడింది. దాదు కూర్చునే చోటు నెలనెలా ఇవతలికి జరుగుతూ వచ్చింది. ఆ ఏడు కోసిన బెండులో మంచిది ఒకే ఒక్క కట్ట దక్కింది. పూజల వ్యాపారులు వచ్చి అడిగినా ఆయన ఇవ్వలేదు. మా అత్త బాసికం కోసం దాచాడు. ఎందుకు దాచాడంటే ఏం చెప్పను? చూసినదాన్ని చూసినట్టు చెప్పిన పిల్ల మరొకరు ఆయనకి తగల్లేదేమో.

పెళ్ళి రేపనగా దాదు వచ్చాడు. పాత న్యూస్‌పేపరు పొట్లం మామ్మ చేతిలో పెట్టి, మంచినీళ్ళు తాగి, రేపు వస్తానని వెళ్ళిపోయాడు. పొట్లం విప్పితే లైనులో ఆడవాళ్ళంతా మూగారు. పెళ్ళికొడుక్కి తామరాకు, మొగ్గ. అత్త బాసికం మీద అవే ఆకులు, ఆ మీద పిట్ట. ఒక కాలు ఆకు మీద, ఒక కాలు ఎత్తి ఉంది. వేళ్ళు వెంట్రుకంత సన్నం. రెక్క కింద నుంచి పిల్లల కాళ్ళు దిగి ఉన్నాయి. ఊపిరి తగిలితే పిట్ట కదిలింది. అత్త దాన్ని చూసి నవ్వింది. అత్త పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అందరూ వెళ్ళిపోయాక మామ్మకి కొత్త దిగులు పట్టుకుంది.

"తెల్లగా ఉన్నాదేటే? పెళ్ళికూతురి నుదుటికి పసుపంటనిది కడతారేటి? ఆ గార్డెన్ రీచావిడ సూస్తే పెళ్ళి పందిట్లోంచి లేచిపోద్ది."

"దాదుని ఒక మాట అడిగొస్తాను" అంది అమ్మ.

"ఆడికేటి తెల్సు? ఆళ్ళకి తెలుపే శుభం. మనకి సెల్లదు" అని మామ్మ కంచంలో పసుపు వేసి నీళ్ళు పోసి కలిపింది.

అమ్మ చెయ్యి పట్టుకుంది. "తడిస్తే పాడవుతాదేమో..."

"బెండు నీళ్ళలో పుట్టినాది, నీళ్ళలో పెరిగినాది. మీ మావ వలకి కట్టిన బెండ్లు ఏళ్ళకేళ్ళు సముద్రంలో తేలినాయి. చారెడు పసుపునీళ్ళకేటవుతాది!"

తడి తగలకూడదని దాదు చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో అది పసిపిల్లకైనా తెలుసు. వేరేగా చెప్పాలని ఆయనకి తోచి ఉండదు. వలకి కట్టే బెండు ముక్క వేరు, కాగితంలా ఒలిచి జిగురుతో అతికిన బెండు వేరు. మామ్మకి మొదటిదే తెలుసు.

రెండు బాసికాల మీదా పసుపునీళ్ళు పడగానే మొదట బాగానే ఉంది. ఆకులన్నీ లేత పచ్చగా అందంగా మెరిశాయి. "సూసినారా!" అంది మామ్మ. ఆ మాట నోట్లో ఉండగానే పెళ్ళికొడుకు బాసికంలో మొగ్గ ముద్దయింది, అత్త బాసికంలో ఒక ఆకు అంచు లేచింది. పిట్ట మెడ మెల్లగా వంగింది. కాలివేళ్ళు ముడుచుకుపోయి, ఒక్కొక్కటే ఊడి కంచంలో పడ్డాయి. మామ్మ వేలితో నొక్కితే రెక్క నలిగి వేలికే అంటుకుంది. ఇంకో వేలితో దాన్ని తియ్యబోతే పిల్లల కాళ్ళు కూడా వచ్చేశాయి. అప్పుడు చెయ్యి తీసేసి, గోడకి జేరబడి, "ఓలమ్మో... ఓలమ్మో..." అని అదే మాట అంటూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిచినా బాగుండేది.

అత్త వచ్చి చూసింది. మామ్మ ఒళ్ళో ఉన్న పసుపు చేతుల్ని తన కొంగుతో తుడిచింది.

మామ్మ కంచం అలాగే పట్టుకుని జలా దాటింది. నేను వెనకాలే. దాదు కంచంలోకి చూసి మొహం తిప్పుకున్నాడు. తర్వాత అరిచాడు. ఆయన అరవగలడని నాకు తెలీదు.

"ఏం మనిషివి నువ్వు? శోలా మీద నీళ్ళు పోస్తారా ఎవరైనా? ఎక్కడైనా?"

"నాకేటి తెల్సు దాదా! మా ఊళ్ళో బెండు సముద్రాన్నే తట్టుకున్నాది! నువ్వొక మాట సెప్పకూడదేటి?" అని మామ్మ కూడా అరిచింది.

ఆయన బంగ్లాలో, ఈవిడ తెలుగులో. ఇద్దరికీ అంతా అర్థమవుతూనే ఉంది. కాసేపటికి ఇద్దరికీ ఓపిక అయిపోయింది. వాకిట్లో ఎదురెదురుగా చతికిలబడ్డారు. ఇంకోటి చెయ్యగలవా అని మామ్మ చాలా నెమ్మదిగా అడిగింది. బెండు లేదన్నాడు. నీళ్ళలో మిగిలిన పచ్చికాడలు ఇప్పుడు కోసినా, ఎండితే గాని కత్తికి లొంగవన్నాడు. నలిగిన పిట్టని గోటితో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక ముట్టుకోకు. ఆరనీ. ముట్టుకుంటే ఈ మిగిలింది కూడా పోతుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ముహూర్తం. పెళ్ళివారు లారీ మీద దిగారు. మామ్మ రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. వియ్యపురాలి ఎదురుగా వెళ్ళి, రెండు చేతులూ జోడించి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఇక ఆ గట్టిమనిషి ఏమంటుందోనని లైను లైనంతా చుట్టూ మూగింది.

"ఓలమ్మ, దీనికేనేటొదినా ఆ మొహం? ఓ పసుపుకొమ్ము దారానికి కట్టి నుదుటికి కట్టీండి, అయిపోద్ది. నా పెళ్ళికీ అదే కట్నారు. డబ్బు నేనోళ్ళకి పసుపుకొమ్మే బాసికం" అంది ఆవిడ చెయ్యి ఊపేస్తూ.

మామ్మ ఆవిడ వంక అలా చూస్తూ నిలబడిపోయింది. "ఆ మాట ముందే సెప్పొచ్చు కదొదినా" అంది.

"నువ్వడగనేదు కదా!"

నిజమే. ఎవరూ అడగలేదు. ఈ ముక్క తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళంతా నీరసం వచ్చేస్తుంది. పెళ్ళి ఆగేదే కాదు. ఆ గట్టిమనిషి అంత గట్టిమనిషే కాదు. దాదు దాచుకున్న ఆఖరి కట్ట అలాగే ఉండిపోవచ్చు. లేదా ఆ పిట్ట తెల్లగానే, కాలు ఎత్తుకునే ఉండిపోవచ్చు.

పసుపుకొమ్ములు తెచ్చారు. పెళ్ళికొడుక్కి కట్టారు. అత్తకి కట్టబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు నాదే కట్టండి" అంది.

"పాడైపోనాది కదే" అన్నారెవరో.

"ఫరవానేదు. కట్టండి."

అమ్మే కట్టింది. ఆరిపోయి, ముడుచుకుపోయి, మరకలు మరకలుగా పచ్చబడిన ఆ ముద్దలో పిట్ట ఎక్కడుందో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. ఉతికిన పంచె కట్టుకుని దాదు పందిరి గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. తాళి కట్టేదాకా అత్త నుదుటి వంకే చూశాడు. తర్వాత పంక్తిలో మామ్మ పక్కన కూర్చుని భోంచేశాడు. మామ్మ తన ఆకులోని చేపముక్క తీసి ఆయన ఆకులో వేసింది. ఆయన తిన్నాడు. నిన్నటి పోట్లాట మాట ఇద్దరూ ఎత్తలేదు.

పదహార్రోజుల పండగ అయ్యాక అత్త ఆ బాసికాన్ని గార్డెన్ రీచ్ దగ్గర గంగలో వదిలేసిందట. అది మునగలేదు, చాలా దూరం కనబడింది అని చెప్పింది. మిల్లు తెరిచారు, మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. మామ్మ పోయింది. తర్వాత కొన్నాళ్ళకే అత్త కూడా పోయింది, రెండో కాన్పులో. ఇన్నేళ్ళయినా ఆ వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాదు, రాశాను కనక ముందుకెళ్తాను.

నా పెళ్ళి కుదిరినప్పుడు మిల్లులో పని ఉంది, ఊరెళ్ళొచ్చేవాళ్ళూ ఉన్నారు, బాసికాలు తెస్తామన్నారు. నేనే వద్దన్నాను. పట్టాలు దాటి దాదు దగ్గరికి వెళ్ళాను. జలా లేదు, గట్టు లేదు. రెండు పక్కలా ఇటుక ఇళ్ళు, మధ్యలో సన్నటి సందు, సందులో మురిక్కాలవ. దాదు అదే వాకిట్లో ఉన్నాడు. ఎక్కడో దూరాన్నుంచి కొనుక్కొచ్చిన బెండు కట్టలు గోడకి ఆనించి ఉన్నాయి. కొడుకులూ మనవలూ అచ్చులు పెట్టి చకచకా పూలు కోసేస్తున్నారు.

"నాకూ ఆ పిట్టే కావాలి దాదూ. అత్తకి చేశావే, అదే" అన్నాను.

ఆయన చాలా సంతోషించాడు. ఉన్నవాటిలో మంచి కాడ ఏరి తీసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది గాని కత్తి వణకలేదు. ఆకు అయింది. పిట్ట ఒళ్ళు అయింది, మెడ అయింది. ఆకు మీద ఆనిన కాలు అయింది. ఎత్తిన కాలు దగ్గర ఆగిపోయాడు.

"కాలు ఎత్తినప్పుడు వేళ్ళు ముడుస్తుందా, చాచే ఉంచుతుందా?" అని అడిగాడు నన్ను.

నాకు గుర్తు రాలేదు. చలికాలం పొడుగునా పక్కన కూర్చుని చూశాను. పానీఫల్ గుర్తున్నాయి, చెవుల్లో పెట్టుకున్న తుక్కు గుర్తుంది, అది మాత్రం గుర్తులేదు. అత్త ఉంటే చెప్పేది.

"తెలీదు దాదూ."

"ఉండు, చూసొస్తాను" అని లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. వాకిలి దాటి, సందు మొదట్లో ఉన్న గోడ దాకా వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. గోడ అవతల ఎవరి ఇంట్లోనో రేడియో పాడుతోంది. చాలాసేపు నిలబడ్డాడు. నేను పిలవలేకపోయాను.

తిరిగొచ్చి కూర్చుని, సగం అయిన పిట్టని తుక్కులో పెట్టేసి, నా తల మీద చెయ్యి వేశాడు.

"మీవాళ్ళకి పసుపుకొమ్ము చెల్లుతుంది కదూ? అదే కట్టుకో తల్లీ" అన్నాడు.

అదే కట్టుకున్నాను.